గోడ మీద రెండు దెబ్బలు

మేస్త్రమ్మ తుంటి సంగతి ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆవిడ బజారుకు వెళ్లి వస్తుంటే మనిషికంటే ముందు మూలుగు మలుపు తిరుగుతుందని ఎదురింటివాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడితే ఆవిడ ఒంటికాలి మీద లేచేది. రెండో కాలు ఎలాగూ మాట వినదు కాబట్టి ఆ లేవడమూ అంతంతమాత్రంగానే ఉండేది. కీలు మొత్తం అరిగిపోయింది, తీసేసి కొత్తది పెట్టాలి అని ఎముకల డాక్టరు చెప్పి ఏళ్లు గడిచాయి. కూతురు కాళ్లావేళ్లా పడింది, కసిరింది, అలిగి కొన్నాళ్లు ఫోను చెయ్యడం కూడా మానేసింది. మేస్త్రమ్మ మాత్రం ఇదిగో అదిగో అంటూ నెట్టుకొచ్చింది.

ఆపరేషనంటే భయమని అందరూ అనుకున్నారు. ఆవిడా అలాగే అనుకోనిచ్చింది. అసలు సంగతి బయటపెడితే కూతురు తనను ఎముకల డాక్టరు దగ్గరికి కాకుండా మరో డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుందని ఆవిడకు తెలుసు.

అసలు సంగతి ఏమిటంటే, పోయిన భర్త ఆ తుంటిలోంచి ఆవిడను పిలుస్తున్నాడు.

నొప్పి సరే, అది పొద్దస్తమానం ఉండేదే. దాన్ని తిట్టుకుంటూ బతకడం ఆవిడకు అలవాటైపోయింది. ఇది వేరు. మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగాక, తుంటి లోపల ఉన్నట్టుండి ఒక పోటు. చిన్న విరామం. మళ్లీ ఒక పోటు. అక్కడితో ఆగిపోయేది. మూడోది ఎప్పుడూ రాలేదు. రెండోది రాగానే మేస్త్రమ్మ చేతిలో పని వదిలేసి, "వస్తున్నా" అని పైకే అని, గోడలు పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లి, అటుపక్క గోడకు తుంటి ఆనించి నిలబడేది. గోడ అవతల ఆయన వడ్రంగి షెడ్డు. ఆయన పోయిన దగ్గర్నుంచి దానికి తాళమే. ఎవరూ లేని షెడ్డు వైపు చెవి పెట్టి ఆవిడ చాలాసేపు అలా నిలబడేది.

ఆయన్ని ఊరంతా మేకుల్లేని మేస్త్రి అనేవారు. ఇనుప మేకు పేరెత్తితే ఆయనకు ఒళ్లు మండేది. మేకు కొట్టిన కుర్చీలో మనుషుల్ని కాదు, అప్పులవాళ్లని కూర్చోబెట్టాలి అనేవాడు. ఆయన చేసే ప్రతి అతుకూ చెక్క చీలలతోనే. ముందు బెజ్జం వేసి, చీలను చెక్కి, కొయ్య సుత్తితో రెండు దెబ్బలు వేసేవాడు. మొదటి దెబ్బ చీలకు దారి చూపించడానికి, రెండోది దాన్ని కూర్చోబెట్టడానికి. రెండో దెబ్బకు చప్పుడు మారితే పని అయినట్టు. అలా మారే చప్పుడు వింటే ఆయనకు కడుపు నిండిపోయేది. భోజనం చల్లారిపోతోందని మేస్త్రమ్మ పక్కనుంచి ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కేది కాదు.

మేస్త్రి మాటల మనిషి కాదు. షెడ్డుకీ వంటింటికీ ఉమ్మడి గోడ ఒక్కటే. ఏదైనా కావలిస్తే గొంతెత్తి పిలవడం బద్ధకమో, నామోషీయో, సుత్తి పిడితో ఆ గోడను తట్టేవాడు. ఒక్కసారి తడితే టీ కావాలని. రెండుసార్లు తడితే, వచ్చి అవతలి కొస పట్టుకో అని. మేస్త్రమ్మ చేతులు చెంగుకు తుడుచుకుంటూ "వస్తున్నా" అని అరిచేది. ఆ అరుపు ఆయనకు వినిపించదని తెలుసు. అయినా అరిచేది. పెళ్లయిన కొత్తలో, గోడలతో కాపురం చేస్తున్నానని పుట్టింట్లో చెప్పి ఏడ్చింది కూడా. తర్వాత తర్వాత ఆ తట్టుడులోంచే ఆయన విసుగూ హుషారూ ఆకలీ అన్నీ తెలిసిపోయేవి. పెద్ద చెక్క మోయాల్సి వస్తే ఒక రకంగా, ఊరికే మనిషి తోడు కావాలనిపిస్తే ఒక రకంగా తట్టేవాడు.

పోయిన రోజు మధ్యాహ్నం ఆయన కుర్చీ చేస్తున్నాడు. అది ఆవిడ కోసమే. తుంటి అప్పటికే సతాయిస్తోంది. కూర్చుంటే లేవలేకపోతోందని, కాస్త ఎత్తుగా, చేతులు ఆనించి లేవడానికి వీలుగా ఒకటి చేస్తానన్నాడు. చట్రం బిగించి చీలలు కొడుతున్నాడు. టక్, టక్. కాసేపు ఆగి మళ్లీ టక్, టక్. మేస్త్రమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. చప్పుళ్లన్నీ జంటలు జంటలుగా వస్తుంటే, చీలలు కొడుతున్నాడు కదా అనుకుంది. కొంతసేపటికి చప్పుడు ఆగింది. గరుకు కాగితం రుద్దుతున్నాడేమో అనుకుంది. అడక్కుండానే టీ పెట్టి తీసుకెళ్లేసరికి ఆయన కుర్చీ పక్కన చెక్కపొట్టులో పక్కకు ఒరిగి ఉన్నాడు. సుత్తి చేతిలోనే ఉంది. షెడ్డు ఇరుకు. అక్కడి నుంచి చెయ్యి చాపితే గోడ అందుతుంది.

గుండె ఆగిందన్నారు. "క్షణాల్లో అయిపోయి ఉంటుందమ్మా, ఆయనకేం తెలిసి ఉండదు" అన్నాడు వచ్చిన డాక్టరు. చేతిలో పనుండగా పోయాడు, అదృష్టవంతుడు అన్నారు చూడవచ్చినవాళ్లు. మేస్త్రమ్మ తలూపింది. అయి ఉంటుంది, తెలిసి ఉండదు అన్న మాటలు మాత్రం ఆవిడ లోపల ముల్లులా దిగబడిపోయాయి. అన్ని జంట దెబ్బల్లో ఒక జంట గోడ మీద పడిందేమో. ఒక జంట చీల కోసం కాక తన కోసమేమో. తను కూరగాయలు తరుగుతూ దాన్ని కూడా చీలల లెక్కలో వేసేసుకుందేమో. ఈ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు, కూతురికి అసలే చెప్పలేదు. ఆయన పోయిన కొన్నాళ్లకే తుంటిలో ఆ జంట పోట్లు మొదలయ్యాయి.

అటువంటి తుంటిని కోసి తీసేస్తామంటే ఆవిడ ఎలా ఒప్పుకుంటుంది?

కానీ ఒప్పుకోక తప్పని రోజు వచ్చింది. ఒక మధ్యాహ్నం మంచం మీద నడుం వాల్చి ఉండగా పిలుపు వచ్చింది. "వస్తున్నా" అంది. లేవబోతే కాలు కదల్లేదు. పక్కకు దొర్లింది, మంచం కోడు పట్టుకుంది, చెమటలు కక్కింది. గోడ దాకా వెళ్లడం మాట దేవుడెరుగు, నేల మీద కాలు మోపడమే చేతకాలేదు. మొదటిసారి వినిపించుకోలేదు, ఇప్పుడు వినిపించుకునీ వెళ్లలేకపోతోంది. ఆ సాయంత్రమే కూతురికి ఫోను చేసి, "సరేనే, కోయించేసుకుంటాను" అంది. కూతురికి నమ్మకం కుదరక, "ఎవరు మాట్లాడేది?" అని అడిగింది.

కూతురు కారు నడపడం నేర్పే స్కూల్లో పంతులమ్మ. ఎవరితో మాట్లాడినా పక్క సీట్లో కూర్చుని తన కాలి కింద ఇంకో బ్రేకు ఉన్నట్టే మాట్లాడుతుంది. ఆసుపత్రిలో ఆపరేషనుకు ముందు నేర్పే క్లాసుకు తల్లిని తనే తీసుకెళ్లింది. అక్కడ ప్లాస్టిక్ తుంటి ఒకటి చూపించారు. ఏ కాలు ముందు వెయ్యాలో, వాకరు ఎలా పట్టుకోవాలో, ఎందుకు ముందుకు వంగకూడదో నేర్పారు. ఇంట్లో కాళ్లకు అడ్డం పడే గోనెపట్టాలు తీసెయ్యమన్నారు. కూర్చునే కుర్చీ ఎత్తుగా ఉండాలి, చేతులు ఉండాలి అన్నారు. ఆ మాటకు మేస్త్రమ్మ తల దించుకుని ఒళ్లోని సంచీ సర్దుకుంది.

తర్వాత మత్తు డాక్టరు గదిలోకి పిలిచారు. ఆవిడ పడుచుదే, మాట నెమ్మది.

"మీకు నడుములో ఒక ఇంజెక్షన్ ఇస్తానమ్మా. నడుం కింద అంతా మొద్దుబారిపోతుంది. పూర్తిగా నిద్రపుచ్చం. కాకపోతే హాయిగా ఉండడానికి కాస్త మగత మందు ఇస్తాం. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి మీకు ఇష్టమైన పాటలు వేస్తాం."

"పాటలెందుకమ్మా? నేనేమైనా పెళ్లికొస్తున్నానా?"

మత్తు డాక్టరు నవ్వింది. "లోపల కొంచెం చప్పుడుగా ఉంటుంది. దాచడం ఎందుకు, రంపం ఉంటుంది, సుత్తి ఉంటుంది. కొత్త కీలుని కొట్టి కూర్చోబెట్టాలి. వింటే కొందరు కంగారు పడతారు."

"సుత్తా?"

"భయపడకండి, మీకేమీ..."

"నాకు సుత్తితో భయమేంటి తల్లీ. ముప్ఫై నలభై ఏళ్లు సుత్తి చప్పుడులోనే నిద్రపోయాను." మేస్త్రమ్మ ముందుకు వంగబోయి, వంగకూడదని గుర్తొచ్చి ఆగింది. "మగత మందు వద్దు. ఆ చెవులకి పెట్టేవి కూడా వద్దు. నేను మెలకువగా ఉండాలి."

కూతురు కుర్చీలో అటూ ఇటూ కదిలింది. "అమ్మా, ఎందుకే నీకీ మొండితనం? నా దగ్గరికి నేర్చుకోడానికొచ్చేవాళ్లు నయం, చెప్తే వింటారు. డాక్టరుగారూ, మీరిచ్చెయ్యండి, ఆవిడ అలాగే అంటుంది."

"వద్దంటే బలవంతంగా ఇవ్వమండీ" అంది మత్తు డాక్టరు కూతురితో. తల్లి వైపు తిరిగి, "మధ్యలో ఎప్పుడు కావాలన్నా ఒక్క మాట చెప్పండి, మీ తల పక్కనే ఉంటాను. సరేనా?" అంది.

"సరే. ఒకటడగనా? తీసేసిన ఎముకని ఏం చేస్తారు?"

"పరీక్ష చెయ్యాలంటే చేసి, తర్వాత పారేస్తారమ్మా. దాంతోటే మీ పాత నొప్పీ పోతుంది. చూడండి, ఇక జన్మలో గుర్తుకు రాదు."

ఆ మాట ధైర్యం చెప్పడానికే అందని మేస్త్రమ్మకు తెలుసు. అయినా ఆవిడ గుండెలో రాయి పడింది. దారి పొడుగునా కారులో అదే ఆలోచన. ఆయన ఆ రోజు పిలిచాడో లేదో తెలుసుకోవడానికి మిగిలింది ఆ ఒక్క ఎముకే. దాన్నీ తీసి అవతల పారేస్తారు. పోయేముందు ఆయన ఒక్కసారి తట్టకుండా ఉంటాడా? తడితే, అప్పుడు కూడా తను మగతలో పాటలు వింటూ పడుకుని ఉంటే?

ఆపరేషను దగ్గర పడ్డాక కూతురు ఇల్లు సర్దడానికి దిగింది. పట్టాలు చుట్టి అటక మీద పడేసింది. స్నానాల గదిలో పట్టుకునేందుకు కడ్డీ బిగించింది. తర్వాత నడుం మీద చేతులు వేసుకుని, "నాన్న చేసిన కుర్చీ షెడ్డులో ఉందిగా. తాళం చెవి ఇటివ్వు" అంది.

"అది పూర్తి కాలేదే."

"కూర్చుంటే విరిగిపోతుందా?"

"మీ నాన్న చేసింది విరుగుతుందా?"

"మరింకేం, ఇవ్వు."

షెడ్డు తెరిస్తే ఎండిన చెక్కపొట్టు వాసన గుప్పుమంది. మేస్త్రమ్మ గుమ్మం దాటలేదు. కూతురు కుర్చీని ఈడ్చుకొచ్చి, దుమ్ము దులిపి, వంటింట్లో గోడ పక్కన పెట్టింది. కుర్చీ కుడి చేతి కింద ఒక చీల సగం మాత్రమే దిగి, మిగతా సగం వేలెడంత బయటికి పొడుచుకుని ఉంది. కూతురు వెనక్కి వెళ్లి సుత్తి కూడా తెచ్చింది.

"ముట్టుకోకు" అంది మేస్త్రమ్మ.

"గుచ్చుకుంటుందమ్మా. ఒక్క దెబ్బ వేస్తే..."

"ముట్టుకోవద్దన్నానా?"

అమ్మ అలా కసిరితే ఇక మాట్లాడకూడదని కూతురికి చిన్నప్పటి నుంచీ తెలుసు. సుత్తిని కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయింది. మేస్త్రమ్మ గోడకు తుంటి ఆనించి నిలబడి ఆ సగం దిగిన చీలను చూస్తూ ఉండిపోయింది. అంతలో పోటు వచ్చింది. వెనకాలే రెండోది. "వస్తున్నానయ్యా, ఎక్కడికని రమ్మంటావు, చెప్పి చావవు" అంది ఆవిడ ఏడుపు గొంతుతో.

ఆపరేషను రోజు పొద్దున్నే ఆసుపత్రిలో ప్రత్యేకమైన సబ్బుతో ఒళ్లు కడిగించారు. ఎముకల డాక్టరు వచ్చి తొడ మీద నీలం పెన్నుతో బాణం గుర్తు వేసి, "ఈ కాలే కదమ్మా?" అని అడిగాడు. "ఇంకో కాలు కూడా మీకు కావాలంటే తీసుకోండి బాబూ, మా అమ్మాయి అడ్డు చెప్పదు" అంది మేస్త్రమ్మ. పక్కనున్న నర్సు నవ్వింది. కూతురు నవ్వలేదు. తల్లి చెయ్యి పట్టుకుని తోపుడు మంచం వెంట తలుపుల దాకా నడిచింది. ఊళ్లో వాళ్లందరికీ కారు భయం పోగొట్టే మనిషికి ఆ తలుపు దగ్గర వేళ్లు వదలడానికి చాలాసేపు పట్టింది.

లోపల చలి. పైన గుండ్రటి పెద్ద దీపం. మేస్త్రమ్మను బల్ల అంచున కూర్చోబెట్టి, చేతికి దిండు ఇచ్చి, దాన్ని కావలించుకుని వీపు గుండ్రంగా వంచమన్నారు. మత్తు డాక్టరు వెనక నుంచి, "చల్లగా తగులుతుంది... ఇప్పుడు చురుక్కుమంటుంది... కదలకండి" అని ఒక్కొక్కటీ చెబుతూనే ఉంది. కాళ్ల వేళ్లలో వెచ్చదనం మొదలైంది. అది పిక్కల్లోకి, తొడల్లోకి పాకింది. పడుకోబెట్టేసరికి కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు.

"ఇక్కడ చల్లగా ఉందా?" మత్తు డాక్టరు ఏదో చిమ్మింది.

"ఎక్కడ?"

"మంచిది."

అప్పుడు తెలిసింది ఆవిడకు. నొప్పి లేదు. ఏళ్ల తరబడి పగలూ రాత్రీ వెంట తిరిగినది ఉన్నపళాన మాయమైంది. నడుం కింద అంతా ఖాళీ చేసిన ఇల్లులా నిశ్శబ్దంగా ఉంది. హాయి అనిపించాల్సింది పోయి మేస్త్రమ్మ కంగారు పడింది. ఇంకా ఎముక తియ్యనే లేదు, అప్పుడే ఆయన మాట రావడం ఆగిపోయింది. ఇప్పుడాయన తట్టినా తనకు తెలియదు. మెలకువగా ఉండి ఏం లాభం అనుకుంది.

"డాక్టరమ్మా, నాకేమీ తెలియట్లేదు."

"తెలియకూడదనే కదమ్మా ఇదంతా."

ఆవిడను రెండో పక్కకు తిప్పి, కదలకుండా ముందూ వెనకా దిండ్లు బిగించారు. మెడ దగ్గర నీలం తెర కట్టారు. తెర అవతల మాటలు, ఇనుప సామాను చప్పుడు. తెర ఇవతల మత్తు డాక్టరు ముఖం ఒక్కటే. ఎవరో తనను లాగుతున్నారని, తోస్తున్నారని భుజానికి తెలుస్తోంది, అంతే. తర్వాత రంపం మొదలైంది. మేస్త్రి రంపంలా గుర్రుగుర్రుమనదు ఇది, కరెంటుది, కీచుగా ఏడుస్తుంది. కొంతసేపటికి అదీ ఆగింది. ఇనుప గిన్నెలో బరువుగా ఏదో పడింది.

అది ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మేస్త్రమ్మ కళ్లు మూసుకుంది. ఆయన తట్టడానికి ఇక ఏమీ మిగల్లేదు. పోయేముందు ఒక్కసారైనా తడతాడనుకుంది, తట్టలేదు. తట్టాడేమో, మందు వల్ల తనకు తెలియలేదేమో. మళ్లీ అదే. మళ్లీ తనకు తెలియకుండానే అంతా అయిపోయింది.

"మందు ఇవ్వమంటారా?" అంది మత్తు డాక్టరు చెవి దగ్గరగా. "నాడి పరుగెడుతోంది మీకు."

"వద్దు" అంది మేస్త్రమ్మ.

"ఇప్పుడు సుత్తి మొదలవుతుందమ్మా" అన్నాడు ఎముకల డాక్టరు తెర అవతల నుంచి. "కొంచెం ఊగుతారు. కంగారు పడకండి."

మొదటి దెబ్బ పడింది.

దాని చప్పుడు ఆవిడకు చెవుల్లోంచి రాలేదు. వెన్నులోంచి భుజంలోకి, భుజంలోంచి దవడలోకి వచ్చి పళ్లు కదిలించింది. చెవికి చేరేసరికి ఆవిడ ఒళ్లంతా దాన్ని వినేసింది. ఇంకో దెబ్బ పడింది. అదీ అలాగే, లోపలి నుంచి వచ్చింది. ఇది తనకు తెలుసు. ఈ రకం దెబ్బ తనకు బాగా తెలుసు.

ఆయన గోడ మీద తడితే ఇలాగే వచ్చేది. తుంటి నొప్పి మొదలైన దగ్గర్నుంచీ వంటింట్లో ఆవిడ నిలబడేది ఆ గోడకు ఆనుకునే. కూరగాయలు తరిగినా, పిండి కలిపినా ఆ ఎముకకు ఆ గోడే ఊత. చీలల చప్పుడు కిటికీలోంచి గాలిలో వచ్చి చెవికి తగిలేది. గోడ తట్టుడు అలా కాదు, నేరుగా ఎముకలోకి దిగేది. ఆవిడ చెవి వినకముందే తుంటి వినేది. ఆవిడ "వస్తున్నా" అనే అరుపు మొదలయ్యేది అక్కడి నుంచే. ఇన్నేళ్లూ ఆ ఎముక నిండా నొప్పి హోరు. ఆ హోరులో ఆ మధ్యాహ్నాన్ని ఆవిడ చెవులతోనే వెతుక్కుంది, చెవులకు అన్ని దెబ్బలూ ఒక్కలాగే వినిపించాయి. ఇప్పుడు నడుం కింద అంతా నిశ్శబ్దం. మొదటిసారి ఆవిడకు ఆ మధ్యాహ్నం ఒంటితో గుర్తొచ్చింది. చేతిలో కత్తి ఉంది. మోచేతి కింద బల్ల ఉంది. తుంటికి ఆనుకుని గోడ ఉంది, చల్లగా, గట్టిగా. టక్, టక్ అని కిటికీలోంచి వస్తోంది. టక్, టక్. తర్వాత ఒక్క టక్. ఆ తర్వాత ఏమీ లేదు.

గోడ కదల్లేదు. ఆ మధ్యాహ్నమంతా తను ఆనుకునే ఉంది, గోడ ఒక్కసారి కూడా కదల్లేదు.

కుర్చీ చేతి కింద సగం దిగిన చీల ఆవిడ కళ్లముందు నిలిచింది. దారి చూపించాడు, కూర్చోబెట్టలేదు. రెండో దెబ్బకు సుత్తి ఎత్తే ఉంటాడు. గోడ వైపు చూసే తీరికే ఆయనకు దొరకలేదు. తను రాలేదని అనుకుంటూ పోలేదాయన. అవతలి కొస ఎవరైనా పట్టుకుంటారా అని చూస్తూ పోలేదు.

మరి ఇన్నేళ్లూ తట్టింది? అరిగిన ఎముక ఎముకతో రాసుకుంది, అంతే. తన ఒంటికి తనే "వస్తున్నా" అని జవాబు చెప్పుకుంటూ గోడ పట్టుకు తిరిగింది.

మేస్త్రమ్మకు కన్నీళ్లు ఆగలేదు. పక్కకు పడుకుని ఉండడం వల్ల ఒక కంటిలోవి ముక్కు మీదుగా జారి రెండో కంట్లోకి వెళ్తున్నాయి. చెయ్యెత్తి తుడుచుకుందామంటే చేతికి సూదులు కట్టి ఉన్నాయి.

"నొప్పా అమ్మా?" మత్తు డాక్టరు గుడ్డతో ఒత్తింది. "ఎక్కడ?"

"నొప్పి లేదు. మా ఆయన నన్ను పిలవలేదు."

"ఎప్పుడు?"

"పోయేటప్పుడు."

మత్తు డాక్టరుకు ఏం అర్థమైందో ఏమో, తన చేతిని ఆవిడ నుదుటి మీద పెట్టి అలాగే ఉంచింది. తెర అవతల సుత్తి పడుతూనే ఉంది. పడ్డప్పుడల్లా మేస్త్రమ్మ మొత్తంగా ఊగుతోంది. ఊరటలోంచి ఆవిడకు మెల్లగా కోపం తన్నుకొచ్చింది. పిలవచ్చుగా. గోడ ఇవతలే ఉన్నానుగా. చీల మీద ఉన్న ధ్యాస ఒక్క క్షణం నా మీద పెట్టి ఉంటే, చెయ్యి చాపి ఒక్కసారి తట్టి ఉంటే, ఆ చివరి ఊపిరికైనా అందుకునేదాన్నిగా. ఇన్నేళ్లూ ఆయన్ని వినిపించుకోలేదని ఏడ్చింది. ఇప్పుడు పిలవనందుకు ఏడ్చింది. ఈ ఏడుపు ఎక్కువ బాధగా ఉంది, అయినా ఇది మొగుడూ పెళ్లాల మధ్య ఉండే మామూలు ఏడుపే.

సుత్తి చప్పుడు మారింది. అంతవరకూ గుల్లగా వచ్చింది ఒక్కసారిగా బిగువుగా వచ్చింది. ఆ మార్పు ఆవిడకు పళ్లలో తెలిసింది.

"కూర్చుంది" అన్నాడు ఎముకల డాక్టరు.

సాయంత్రం కిటికీలోంచి ఎండ ఇంకా పోకముందే గదిలోకి తెచ్చారు. కూతురు దిండు సర్దింది, దుప్పటి సర్దింది, సర్దినదే మళ్లీ సర్దింది. ఆపరేషను బాగా జరిగిందని డాక్టరు చెప్పాడని, రేపు నిలబెడతారని, ఈసారి మొండికేస్తే ఊరుకోనని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అన్నీ విని మేస్త్రమ్మ, "ఆ కుర్చీకి ఒక చీల సగంలో ఉంది చూడు, అది కొట్టెయ్యి" అంది.

కూతురు అనుమానంగా చూసింది. "మొన్న ముట్టుకోవద్దన్నావుగా?"

"ఇప్పుడు కొట్టమంటున్నాగా. నేను వచ్చేసరికి అందులో కూర్చోవాలి. నాన్న సుత్తితోనే కొట్టు, గట్టిగా కొట్టి చీల పగలగొట్టకు."

"ఎన్ని దెబ్బలు వెయ్యాలి?"

"ఒక్కటే. మొదటిది మీ నాన్న వేసేశాడు."

కూతురి ముఖం ఒక్కసారి మారిపోయింది. తల తిప్పుకుని, టీ తెస్తానంటూ బయటికి వెళ్లింది.

మేస్త్రమ్మ ఒక్కతే మిగిలింది. కాళ్లు మెల్లమెల్లగా వెనక్కి వస్తున్నాయి. ముందు వేళ్లు, తర్వాత మడమలు. తుంటి దగ్గర కొత్త నొప్పి మొదలైంది. కోసిన చోట మంట, కుట్లు లాగుతున్నట్టు, తెరిపి లేకుండా ఒకే తీరుగా. ఆవిడ దాని కిందకు చెవి పెట్టింది. లోపల, ఇంకా లోపల. పోటు లేదు. చాలాసేపు చూసింది. జంట కాదు కదా, ఒక్కటి కూడా రాలేదు. అది తన ఎముక చప్పుడేనని, ఆయనది కాదని పొద్దున్న తెలుసుకుంది. తెలిసీ ఎదురుచూసింది. ఎవరిదైనా సరే, ఇన్నేళ్లూ ఆ చప్పుడే ఇంట్లో ఆవిడకు తోడు. దేన్ని చూసి అంత భయపడిందో అది పోయింది. ఇప్పుడు ఆవిడకు అసలైన భయం వేసింది.

చెయ్యి మెల్లగా వెనక్కి చాపింది. మంచం తలవైపు గోడ చేతికి తగిలింది. వేలి కణుపులతో తట్టింది. చిన్న విరామం ఇచ్చి మళ్లీ తట్టింది. ఊపిరి పట్టుకుని వింది.

తలుపు తెరుచుకుని నర్సు తొంగి చూసింది. "పిలిచారా అమ్మా?"

"పిలిచాను తల్లీ" అంది మేస్త్రమ్మ. చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. "నిన్ను కాదులే."